సురభికి నగరంలో శాశ్వత రంగస్థలం కావాలి

సంపాదకులకు నమస్కారం.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో వనారస గోవిందరావు శ్రీకారం చుట్టిన సురభి కుటుంబ నాటక సమాజాలు, ఒకప్పుడు మన పట్టణాల్లో డేరాలు, రేకుల హాళ్ళు వేసుకుని, టికెట్టు మీదే బతుకుతూ రోజుల తరబడి నాటకాలాడేవి. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరి వెళుతుంటే పిల్లలతోపాటు పెద్దలూ నోరు తెరిచి చూసేవారు, పక్కతెర చాటున సన్నని తీగ లాగేదీ, హార్మోనియం వాయించేదీ, రంగు పూసేదీ ఆ కుటుంబంవారే. సినిమాలు, టీవీ వచ్చాక ఆ హాళ్ళు కనుమరుగయ్యాయి. తీగలకూ, దొంతరల తెరలకూ తగిన ఎత్తు, గట్టి దూలాలు లేని సభామందిరాన్ని ఏడాదికోసారి ఇచ్చి చేతులు దులుపుకోవడం భావ్యం కాదు. విజయవాడలో సురభి కోసం శాశ్వత రంగస్థలం నిర్మించి, వారాంతాల్లో ప్రదర్శనలకు వీలు కల్పించాలని ప్రభుత్వాన్ని అభ్యర్థిస్తున్నాను.

– ఒక నాటకాభిమాని, విజయవాడ