మోడల్ రైలు మీది మరకకు కారణం ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన మోడల్ రైళ్ల వ్యాసాన్ని ఎంతో ఇష్టంగా చదివాను. స్కేళ్ల గురించీ, పట్టాల అమరిక గురించీ వ్యాసకర్త చక్కగా వివరించారు. అయితే చివరి భాగంలో, ఇంజన్ల మీదా వ్యాగన్ల మీదా మసి, తుప్పు, దుమ్ము రంగులు వేసే వెదరింగ్ పనిని చేజేతులా కొత్త వస్తువును పాడుచేసుకోవడంగా పేర్కొని, పెట్టెలోంచి తీసిననాటి మెరుపును కాపాడుకోవడమే మేలని సలహా ఇచ్చారు. ఇరవై ఏళ్లకు పైగా ఈ పనే చేస్తున్నవాణ్ణిగా ఆ ఒక్క సలహాతో నేను ఏకీభవించలేకపోతున్నాను. కారణాలను కొంచెం విపులంగా చెప్పుకోవడానికి మీ పత్రికలో చోటివ్వవలసిందిగా కోరుతున్నాను.

ముందు ఒక చిన్న లెక్క. ఎక్కువమంది వాడే హెచ్ఓ స్కేలు 1:87, అంటే మోడల్ అసలు బండిలో 87వ వంతు ఉంటుంది. కాబట్టి 60 సెంటీమీటర్ల దూరం నుంచి మోడల్‌ను చూసినప్పుడు, అసలు ఇంజన్‌ను సుమారు 52 మీటర్ల దూరం నుంచి చూసినట్టవుతుంది. అంత దూరంలో నిలబడ్డ నల్లని ఇంజన్ మన కంటికి కటిక నలుపుగా కనిపించదు. మధ్యలోని గాలి, వెలుతురు ఆ నలుపును కొంత బూడిద రంగులోకి తిప్పేస్తాయి, నిగనిగ కూడా చాలావరకు తగ్గిపోతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మోడల్ మీద మాత్రం నలుపు నలుపుగానే ఉంటుంది, ప్లాస్టిక్ మెరుపు దీపం వెలుగును యథాతథంగా తిప్పికొడుతుంది. కొలతలన్నీ అతికినట్టు సరిపోయినా అది బొమ్మలాగే కనిపించడానికి నా దృష్టిలో మొదటి కారణం ఇదే. మురికి సంగతి తర్వాత, ముందు ఆ మెరుపును చంపి రంగును ఒక మెట్టు పలచన చేస్తే చాలు, మోడల్ బరువు పెరిగినట్టు అనిపిస్తుంది.

ఇది నిన్నమొన్న పుట్టిన సరదా కూడా కాదు. కాలిఫోర్నియాలోని మాంటెరేలో జాన్ అలెన్ నిర్మించిన ‘గోరీ అండ్ డిఫీటెడ్’ అనే హెచ్ఓ రైల్వే ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలంలోనే ఈ పనికి గొప్ప పేరు తెచ్చింది. ఆయన ఫొటోగ్రాఫర్ కావడం ఇక్కడ గమనించవలసిన విషయం. వెలుతురు ఒక వస్తువు మీద ఎలా పడుతుందో తెలిసిన కన్ను అది. 1973 జనవరిలో ఆయన కన్నుమూసిన కొద్ది రోజులకే ఆ రైల్వే అగ్నిప్రమాదంలో చాలావరకు నాశనమైంది. అయినా ఆయన తీసిన ఫొటోలను చూసి నేర్చుకునేవారు నేటికీ ఉన్నారు. పాలిపోయిన చెక్కలూ మసిబారిన ఇంజన్లూ లేకుండా ఆ ఫొటోలను ఊహించుకోవడం నాకు సాధ్యం కాదు.

వెదరింగ్ అంటే మురికి పూయడమన్న అభిప్రాయం, ఆ మురికి ఎక్కడి నుంచి వస్తుందో ఆలోచించకపోవడం వల్ల ఏర్పడుతుందని నా నమ్మకం. ఆవిరి ఇంజన్‌నే తీసుకుందాం. ముందుభాగంలో పొగగొట్టం కింద ఉండే స్మోక్‌బాక్స్ వేడికి దాని పైరంగు మిగతా బాయిలర్ కంటే ముందుగా పాలిపోతుంది. తలుపు తీసి లోపలి బూడిదను ఎత్తిపోసిన ప్రతిసారీ కొంత బూడిద ముందు పలక మీద రాలుతుంది. బాయిలర్‌కు వాడే నీటిలో సున్నం ఎక్కువైతే, సేఫ్టీ వాల్వుల చుట్టూ, గొట్టాల అతుకులు కారేచోటా నీరు ఆవిరైపోయి తెల్లని చార మిగులుతుంది. సిలిండర్ల దగ్గరా చక్రాలను తిప్పే రాడ్ల దగ్గరా నూనె చేరి, దానికి దుమ్ము అంటి, చిక్కని ముదురు పూతగా మారుతుంది. మిగతా ఇంజన్ అంతా మెరుపు లేకుండా ఉన్నా అక్కడ మాత్రం తడి మెరుపు ఉండాలి. డ్రైవరు ఎక్కే మెట్ల అంచులూ, చేత్తో పట్టుకునే కమ్మీలూ రోజూ రాపిడి పడి వెలిసి లోహపు రంగు తేలతాయి. ఇంజన్ వెనుక బొగ్గూ నీళ్లూ మోసే టెండర్‌లో నీళ్లు నింపేచోట తొట్టి పొంగినప్పుడల్లా బొగ్గు పొడి నీటితో కలిసి పక్కలమ్మట కిందికి జారుతుంది. వీటిలో ఏ ఒక్కటీ అందం కోసం అక్కడ వచ్చి చేరినది కాదు, ఆ ఇంజన్ చేసిన పని వదిలిన గుర్తు.

డీజిల్ ఇంజన్ లెక్క వేరు. మసి పైకప్పు మీద ఎగ్జాస్ట్ చుట్టూ చేరుతుంది, ఇంధనం నింపే మూత కింద ముదురు చార దిగుతుంది, ఇనుప బ్రేక్ దిమ్మెలు అరిగి రాలిన పొడి అడుగుభాగమంతటికీ గోధుమ రంగు పట్టిస్తుంది. యంత్రంతో కడిగే రైలు పెట్టెలైతే పక్కలు శుభ్రంగా ఉండి, బ్రష్‌లు అందని చివరి గోడలు మాత్రం నల్లబడి ఉంటాయి. ఈ తేడా తెలియకుండా పెట్టెకు నాలుగువైపులా ఒకే రంగు చల్లితే చూసేవారి కంటికి ఎక్కడో తప్పు తగులుతుంది, అదేమిటో చెప్పలేకపోయినా.

నాకు అన్నింటికంటే ప్రీతిపాత్రమైనవి వ్యాగన్లు. బొగ్గు, ఖనిజం మోసే ఇనుప వ్యాగన్‌కు లోపలి గోడల రంగు సరుకు రాపిడికి ముందుగా ఊడిపోతుంది, ఆ తర్వాతే తుప్పు బయటికి కనిపిస్తుంది. బయటి పలకల మీద అది అడుగు అంచుల దగ్గరా, నీరు నిలిచే మూలల్లోనూ మొదలై పొక్కులుగా లేచి, వాన పడినప్పుడల్లా నిలువు చారలుగా కిందికి దిగుతుంది. కొత్త తుప్పు నారింజ రంగులో చిన్న చుక్కగా ఉంటుంది, పాతది ముదురు గోధుమకు తిరుగుతుంది. కొత్తగా నేర్చుకునేవారు నారింజను మరీ ఎక్కువగా వాడడం నేను తరచుగా చూసే లోపం. చమురు ట్యాంకర్‌కు మరకలు పై మూత నుంచి దిగాలి. సిమెంటు వ్యాగన్‌కు నింపే మూతల చుట్టూ లేత బూడిద రంగు పెచ్చు కట్టాలి. చెక్క వ్యాగన్‌లో మరమ్మతుకు వేసిన ఒకటి రెండు పలకలు మిగతావాటి కంటే కొత్తగా కనిపించాలి. మురికి పట్టిన వ్యాగన్ మీద నంబరు చదవడానికి ఎవరో ఆ ఒక్కచోట గుడ్డతో తుడిచినట్టు చేయడం చాలా చిన్న పని, కానీ ఆ వ్యాగన్ వెనుక మనుషులున్నారని అంతకంటే బాగా చెప్పేది మరొకటి లేదు.

నా మొదటి ప్రయత్నం ఈ సూత్రాన్ని నాకు బాధతో నేర్పింది. ఎంతో ఇష్టపడి కొనుక్కున్న ఇంజన్ మీద, గాలి ఒత్తిడితో రంగు చల్లే ఎయిర్ బ్రష్‌తో ముదురు గోధుమ రంగును ఒకే తీరుగా చల్లాను. ఆరిన తర్వాత చూస్తే అది బురద గుంటలోంచి తీసినట్టుంది తప్ప పనిచేసి వచ్చినట్టు లేదు. అప్పటి నుంచీ అసలు బండి ఫొటోను ఎదురుగా పెట్టుకోకుండా కుంచె పట్టడం మానేశాను. మరొకరు చేసిన మోడల్‌ను చూసి చేయడమూ మానేశాను, ఎందుకంటే వారి పొరపాట్లు కూడా మన చేతికి వచ్చేస్తాయి.

పద్ధతి సంగతికొస్తే, ఫ్యాక్టరీ రంగు మీద మొదట మెరుపులేని వార్నిష్ పలచగా వేసి పూర్తిగా ఆరనిస్తాను. దాని మీద ముదురు గోధుమ ఎనామెల్ రంగును వైట్ స్పిరిట్‌తో బాగా పలచన చేసి పూస్తే, అది రివెట్ల చుట్టూ, తలుపుల సందుల్లోకి తనంతట తానే దిగుతుంది. కొంచెం ఆరాక, వైట్ స్పిరిట్ కొద్దిగా తగిలించిన చదునైన కుంచెతో పైనుంచి కిందికి మాత్రమే తుడవాలి. వాన నీరు అడ్డంగా పారదు గనుక కుంచె కూడా అడ్డంగా కదలకూడదు. రంగు దాదాపు అంతా తుడిచేసిన పొడి కుంచెను ఉబ్బెత్తు అంచుల మీద తేలిగ్గా తాకించే డ్రై బ్రషింగ్, మెట్లకూ కమ్మీలకూ సరిపోతుంది. పెచ్చులూడిన రంగుకు తుప్పు రంగు ముందు వేసి, దాన్ని తడిపి ఉప్పు రేణువులు చల్లి, పైరంగు వేసి ఆరాక ఉప్పును రుద్దేసే పద్ధతి ఇప్పటికీ నాకు నచ్చినది. పిగ్మెంట్ పొడులు, అంటే పొడి రంగులు, చివరన రావాలి. వాటి మీద వార్నిష్ చల్లితే రంగు సగం మాయమవుతుంది గనుక చేతికి తగలనిచోట్ల నేను వాటిని అలాగే వదిలేస్తాను. అడుగుభాగానికి ఎయిర్ బ్రష్ వాడేటప్పుడు ఇంజన్‌కు కరెంటు ఇచ్చి చక్రాలు తిరుగుతుండగా చల్లాలి, లేకపోతే రాడ్ల వెనుక రంగు పడని మచ్చలు ఉండిపోతాయి. పట్టాను తాకే చక్రపు అంచులను రంగు ఆరకముందే తుడిచెయ్యాలి, కరెంటు వచ్చే దారి అదే కాబట్టి.

డీటెయిలింగ్, అంటే చిన్న చిన్న భాగాలను అమర్చే పని, వీటన్నిటికంటే ముందు పూర్తి కావాలి. అచ్చులో భాగంగా వచ్చిన కమ్మీని చెక్కేసి ఆ స్థానంలో 0.3 లేదా 0.4 మిల్లీమీటర్ల తీగ అమర్చడం, బండి చివర తాకిడిని ఆపే బఫర్ల మధ్య బ్రేక్ గొట్టాలు తగిలించడం, ప్లాస్టిక్ బొగ్గు మీద నిజమైన బొగ్గు పొడిని అతికించడం వంటివి తొందరపడితే చెడిపోయే పనులే గాని కష్టమైనవి కావు.

ఇక మనుషుల బొమ్మలు. వ్యాసంలో వీటి ప్రస్తావనే లేదు, అది నాకు ఎక్కువ లోటుగా తోచింది. హెచ్ఓ స్కేలులో 1.75 మీటర్ల మనిషి 20 మిల్లీమీటర్లు ఉంటాడు, అతని తల రెండున్నర మిల్లీమీటర్లు. అంత ముఖం మీద కనుగుడ్లు దిద్దితే మనిషి ఉలిక్కిపడ్డట్టు కనిపిస్తాడు. కనుగుంటలో, గడ్డం కింద పలచని గోధుమ నీడ దిగేలా చేసి, ముక్కు మీదా చెంపల మీదా లేత రంగు ఒక్క చుక్క తాకిస్తే ముఖం దానంతట అదే వస్తుంది. బట్టలకు మెరుపు అసలు ఉండకూడదు. ఇంజన్‌లో పనిచేసే మనిషి దుస్తుల మీద మోకాళ్ల దగ్గరా ముంజేతుల దగ్గరా మసి ఉండాలి. పరుగెత్తుతూ, చెయ్యి ఊపుతూ ఉన్న బొమ్మను పెడితే రైలు కదిలిన కొద్దీ అతను అక్కడే గడ్డకట్టి ఉండడం కళ్లకు కొడుతుంది. కూర్చున్నవారు, ఆనుకుని నిలబడ్డవారు, ఎదురుచూస్తున్నవారు ఎంతసేపు చూసినా సహజంగా ఉంటారు. పాదాల కింది పలకను తీసేసి బొమ్మను నేలకు సరిగ్గా ఆనించకపోతే మాత్రం పైన ఎంత మంచి పని చేసినా ఫలితం ఉండదు.

విలువ తగ్గిపోతుందన్న వ్యాసకర్త భయాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. అద్దాల బీరువాలో దాచుకోవాలని కొన్న అరుదైన మోడల్‌ను ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. అయితే రోజూ పట్టాల మీద తిరిగే బండి విషయంలో ఆ సలహా ఇవ్వడం, ముఖ్యంగా ఇప్పుడే మొదలుపెట్టేవారికి ఇవ్వడం, వారి చేత ఒక మంచి పనిని మొదలుపెట్టకుండానే మాన్పించడమవుతుంది. పాత వ్యాగన్ ఒకటి ముందు పెట్టుకుని, గాలి బాగా ఆడే గదిలో, రంగు చల్లేటప్పుడు తగిన మాస్క్ పెట్టుకుని మొదలుపెట్టమని వారికి నా మనవి.

మీకు కూడా ఒక విన్నపం. ఈ విషయం మీద మరో వ్యాసం వేసే ఆలోచన ఉంటే, ఒకే వ్యాగన్‌ను రంగు వేయకముందూ వేసిన తర్వాతా పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీసిన రెండు ఫొటోలను, వాటి పక్కనే అసలు వ్యాగన్ ఫొటోనూ ప్రచురించండి.

ఇట్లు,
మీ పాఠకుడు