విషయం: నాకు వర్తించని ఎడ్యుకేషన్ క్రెడిట్ (చదువు ఖర్చుకు ఇచ్చే పన్ను రాయితీ) చూపించి 2024 రిటర్న్ వేసినందుకు ఫిర్యాదు

మేనేజర్ గారికి,

నమస్కారం. నేను డాలస్‌లో ఎంఎస్ చదువుతున్నాను. 2023 ఆగస్టులో ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వచ్చాను. 2025 మార్చిలో మీ దగ్గర 2024 ట్యాక్స్ ఫైల్ చేయించుకున్నాను. మీరు వేసిన రిటర్న్ తప్పు. ఎక్కడో అంకె తారుమారైన తప్పు కాదు, నాకు హక్కే లేని డబ్బును నా పేరు మీద అడిగారు.

మీ కంపెనీ గురించి వాట్సాప్ గ్రూపులో తెలిసింది. కాలేజీ ఫీజు కట్టిన కాగితం ఉంటే రిఫండ్ రెండున్నర వేల డాలర్లు ఎక్కువ వస్తుందని ఆ మెసేజ్. ఫోన్ చేస్తే జీతం, అందులో పట్టుకున్న పన్ను చూపే డబ్ల్యూ-2, యూనివర్సిటీ ఇచ్చిన ఫీజు కాగితం 1098-టి పంపమన్నారు. అంతే! ఏ వీసా, ఎప్పుడు వచ్చావు, ఇండియాలో ఏం చదివావు అని ఒక్క ముక్క అడగలేదు. "స్టూడెంట్స్‌కి వేరే ఫారం ఉంటుందట కదన్నా" అని నేనే అడిగాను. "అందరికీ ఇదే వేస్తున్నాం తమ్ముడూ, టెన్షన్ పడకు" అన్నారు మీ ఉద్యోగి.

ఈమధ్య యూనివర్సిటీలో ట్యాక్స్ క్లాసు పెడితే వెళ్లి, తిరిగొచ్చి మీ పీడీఎఫ్‌ను మొదటిసారి పూర్తిగా చదివాను. ఎఫ్-1 విద్యార్థి మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ట్యాక్స్ లెక్కలో నాన్ రెసిడెంట్. అంటే 2027 దాకా నేను వేయాల్సింది నాన్ రెసిడెంట్ల రిటర్న్ 1040-ఎన్‌ఆర్, దానితోపాటు అమెరికాలో ఉన్న రోజులు లెక్కలోకి రావని చెప్పే 8843 ఫారం. పెళ్లికాని నాలాంటి నాన్ రెసిడెంట్‌కి ఎడ్యుకేషన్ క్రెడిట్లు రావు. మీరు వేసింది రెసిడెంట్లు వేసే మామూలు 1040.

ఎడ్యుకేషన్ క్రెడిట్ అడగడానికి దానికి జత చేసిన 8863 ఫారంలో 25వ లైను చూడండి. ఈ విద్యార్థి 2024కి ముందే నాలుగేళ్ల కాలేజీ చదువు పూర్తి చేశాడా అని ప్రశ్న. "లేదు" దగ్గర టిక్కు పెట్టారు. నాలుగేళ్లు బీటెక్ చదివించడానికి మా నాన్న పడ్డ పాట్లన్నీ ఆ ఒక్క టిక్కుతో కొట్టేశారు. నేను రెసిడెంట్‌నే అనుకున్నా, బీటెక్ అయిపోయి ఎంఎస్ చదివేవాడికి మీరు అడిగిన ఆ ఎడ్యుకేషన్ క్రెడిట్, అంటే అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్, దక్కదు. ఆ లైను దగ్గరే ఆగిపోవాలి.

లెక్క ఇది. నా జీతం 31,000 డాలర్లు. ఇండియాతో ఉన్న పన్ను ఒప్పందం వల్ల మన విద్యార్థులకు 1040-ఎన్‌ఆర్‌లోనూ 2024కి 14,600 స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను పడకుండా జీతంలోంచి తీసేసే మొత్తం) ఉంది. పన్ను 1,739. జీతంలో పట్టుకున్నది 2,200. న్యాయంగా రావాల్సింది 461 డాలర్లు, వచ్చింది 2,961. అందులో పదోవంతు, 296 డాలర్లు, మీ ఫీజు. రిఫండ్ ఎంత పెరిగితే మీకు అంత ఎక్కువ అన్నమాట. ఇక రిటర్న్ చివర తయారుచేసినవాళ్ల సంతకం, పీటిన్ (డబ్బు తీసుకుని రిటర్న్‌లు వేసేవాళ్లకు అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఇచ్చే నంబరు) ఉండాల్సిన చోటు ఖాళీ. నేనే కూర్చుని వేసుకున్నట్టు!

చదవకుండా ఓకే కొట్టడం నా తప్పే, కాదనను. ఆ డబ్బు ఇంటికి పంపితే నాన్న ఎడ్యుకేషన్ లోను వడ్డీ కట్టేశారు. ఇప్పుడు స్నేహితుల దగ్గర అప్పు చేసి ఐఆర్‌ఎస్‌కి 2,500 వెనక్కి కట్టాను. వేరే సీపీఏకి (లైసెన్సున్న అకౌంటెంట్‌కి) 250 ఇచ్చి సవరణ రిటర్న్ 1040-ఎక్స్ వేయించాను. వడ్డీ, పెనాల్టీ ఎంత వేస్తారో నోటీసు వస్తే గానీ తెలియదు.

ఆ 2,500 మిమ్మల్ని అడగడం లేదు, అది నాది కాదు. మీ ఫీజు 296, సీపీఏకి ఇచ్చిన 250, రేపు పడబోయే వడ్డీ, పెనాల్టీ మీరు భరించాలి. నా రిటర్న్ తయారుచేసినవారి పేరు, పీటిన్ రాతపూర్వకంగా ఇవ్వాలి. 15 రోజుల్లో జవాబు రాకపోతే ఐఆర్‌ఎస్‌కి 14157 ఫారంలో ఫిర్యాదు చేస్తాను. మీ చాట్, జెల్ యాప్‌లో ఫీజు పంపిన రసీదు నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఇంకొకటి. మా రూమ్‌లో మిగతా ముగ్గురి రిటర్న్‌లు కూడా మీరే వేశారు. ముగ్గురూ బీటెక్ పూర్తి చేసి వచ్చినవాళ్లే. నేను చెప్పేలోగా మీరే వాళ్లకు ఫోన్ చేస్తే మంచిది.

ఇట్లు,
మీ కస్టమర్