హార్స్‌పవర్ ఒక్కటే అచ్చేస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆటో పేజీలో స్పోర్ట్స్ కార్ల పోలికలు వచ్చినప్పుడల్లా వదలకుండా చదువుతాను. సీసీ, సిలిండర్లు, హార్స్‌పవర్, సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు, అన్నీ ఉంటాయి, కానీ ఆ ఇంజిన్ అలా ఎందుకు తయారైందో మాత్రం ఒక్క ముక్క ఉండదు. చివర్లో "పాత మోడల్ సౌండ్ పోయింది, కంపెనీ రాజీపడింది" అని తేల్చేస్తారు. ఇది సరికాదండి. ఇంజిన్‌లో సగం సంగతులు పొగ, శబ్దాల నిబంధనలే తేల్చేస్తున్నాయి. ఆ మాట చెప్పకుండా అంకెలు పక్కపక్కన పెడితే చదివేవాళ్లకు తప్పు అర్థమే మిగులుతుంది.

ముందు శబ్దం. యూరప్‌లో కొత్త మోడల్‌కు అనుమతి రావాలంటే కారును సుమారు 50 కి.మీ. వేగంతో 20 మీటర్ల ట్రాక్ ముక్కలోకి తెచ్చి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతారు. మధ్య గీతకు 7.5 మీటర్ల దూరంలో రెండు వైపులా మైకులుంటాయి. ఒకే వేగంతో నడిపి కూడా కొలిచి, రెండూ కలిపి లెక్క కడతారు. బాగా పవర్ ఉండి సీటు నేలకు దగ్గరగా ఉండే కార్లకు పరిమితి 2016లో 75 డెసిబెల్స్, తర్వాత 74, 2024లో కొత్త మోడళ్లతో మొదలైన మూడో దశలో 72. మూడే కదా అనుకుంటాం, కానీ డెసిబెల్స్ లెక్కలో మూడు తగ్గాయంటే శబ్దశక్తి సగమైనట్టే. పైగా మైకు ఇంజిన్‌ను వేరుగా వినదు, వెడల్పాటి టైర్ల రొద కూడా అందులోనే కలుస్తుంది, కాబట్టి టైర్లు తినేసిన డెసిబెల్స్‌ను సైలెన్సర్ దగ్గరో గేర్ల దగ్గరో తగ్గించుకోవాలి. టెస్టు వేగంలో మూసుకుని ఆ తర్వాత తెరుచుకునే ఎగ్జాస్ట్ వాల్వులతో కొన్నాళ్లు నెట్టుకొచ్చారు, ఆ దారిని కూడా అదనపు నిబంధనలతో ఇరుకు చేశారు. నిస్సాన్ జీటీ-ఆర్ లాంటి కారు 2022లో యూరప్ మార్కెట్ నుంచి తప్పుకున్నది ఈ శబ్ద నిబంధనల వల్లే.

ఇక పొగ. డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే) పెట్రోల్ ఇంజిన్ నుంచి వచ్చే మసి కణాలు కిలోమీటరుకు 60 వేల కోట్లు దాటకూడదన్న పరిమితి 2018 సెప్టెంబరు నాటికి యూరప్‌లో కొత్త కార్లన్నిటికీ వచ్చేసింది. దాంతో చాలా కార్ల ఎగ్జాస్ట్‌లోకి ఫిల్టర్ చేరింది. తేనెపట్టులాంటి సిరామిక్ దిమ్మ అది, ఒక్కో గదికి ఒక చివర మూసేసి ఉంటుంది, పొగ గోడలోంచి చొచ్చుకుని పక్క గదిలోకి వెళ్లాల్సిందే. మసి ఆగుతుంది. దాంతోపాటు పొగకు ఎదురు ఒత్తిడి పెరుగుతుంది, సౌండ్‌లో ఆ పదును తగ్గుతుంది. అదే మోడల్ అమెరికాలో ఫిల్టర్ లేకుండా అమ్ముడైతే దాని గొంతు వేరు, ఒక్కోసారి అంకెలూ వేరు. మీరు పట్టికలో వేసింది వీటిలో ఏది?

చిన్న ఇంజిన్, టర్బో (పొగ వేగంతో తిరిగి ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే పరికరం) అనగానే పవర్ పడిపోయిందని కూడా అనుకోవద్దు. ఫెరారీ 458లో టర్బో లేని 4.5 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) 570 హార్స్‌పవర్ ఇస్తే, 2015లో దాని స్థానంలో వచ్చిన 488 జీటీబీ 3.9 లీటర్లతోనే 670 ఇచ్చింది. పోయింది పవర్ కాదు, నిమిషానికి 9,000 చుట్ల (ఆర్‌పీఎం) దాకా కేక పెట్టే ఆ తీరు. దానికి బాధపడేవాళ్లలో నేనూ ఉన్నాను. కొన్నిసార్లు కథ తిరగబడుతుంది కూడా. టర్బో ఇంజిన్‌ను పూర్తిగా తొక్కినప్పుడు వేడి తగ్గించడానికి అవసరానికి మించి పెట్రోల్ పంపడం పాత పద్ధతి, దాంతో కాలుష్యం పెరుగుతుంది. 2024లో వచ్చిన హైబ్రిడ్ పోర్షే 911 జీటీఎస్ ఇంజిన్‌ను అలా అదనపు పెట్రోల్ లేకుండా ఏ వేగంలోనైనా గాలి, పెట్రోల్ సరైన మిశ్రమంతోనే నడిచేలా చేశారు, అందువల్ల తగ్గే పవర్‌ను పూడ్చడానికి 3.0 లీటర్ల ఇంజిన్ 3.6 లీటర్లయింది. అంటే పొగ లెక్క సీసీని పెంచింది!

అంకె మారినంత మాత్రాన ఇంజిన్ మారినట్టు కాదనడానికి షెవర్లే కార్వెట్ చూడండి. బేస్ ఇంజిన్‌కు 1971లో 270 హార్స్‌పవర్ అని రాశారు, 1972లో 200. కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతారన్న లెక్క) అదే 8.5. మారింది కొలిచే పద్ధతి: అంతకుముందు ఇంజిన్‌ను విడిగా బెంచి మీద పెట్టి కొలిచేవారు, తర్వాత సైలెన్సర్, ఫ్యాన్ లాంటివన్నీ తగిలించి కొలిచారు. 1975లో క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే పరికరం) వచ్చాక 165కు పడింది, ఆ తగ్గుదల మాత్రం నిజమైనది. 1971 నుంచి 1975 దాకా ఒకే గీత గీసి "నిబంధనలు 105 హార్స్‌పవర్ మింగేశాయి" అంటే అది అబద్ధం.

నిబంధనలు ఎత్తేయాలని నేను అనడం లేదు. రోడ్డు పక్క నడిచేవాళ్ల ఊపిరితిత్తుల కన్నా, వాళ్ల చెవుల కన్నా మన సరదా ఎక్కువేం కాదు. నేను అడిగేది చిన్న పని. స్పెసిఫికేషన్ పట్టిక వేసేటప్పుడు ఇంకొక్క వరుస చేర్చండి: ఈ అంకెలు ఏ మార్కెట్ మోడల్‌వి, ఏ కాలుష్య ప్రమాణం కింద అనుమతి పొందింది, ఎగ్జాస్ట్‌లో ఫిల్టర్ ఉందా లేదా. పాత కారుతో పోలుస్తుంటే హార్స్‌పవర్ కొలిచిన పద్ధతి కూడా.

ఇట్లు,
మీ పాఠకుడు