గుణుపురం సెమినార్‌కి ఒక్క ప్రోటీన్ చాలు గురూ

బరంపురం,
ఆదివారం మధ్యాహ్నం

ఒరే గురూ,

నీ ప్రోగ్రాం కాగితం చూశాను. రెండు రోజుల్లో పదకొండు ఉపన్యాసాలా! డేటా మైనింగ్ (పెద్ద డేటాలోంచి తీరుతెన్నులు తవ్వి తీయడం) మీద నాలుగు, ప్రోటియోమిక్స్ (ప్రోటీన్లన్నిటినీ ఒక్కసారే చదివే శాస్త్రం) మీద ఐదు, మిగతా రెండూ దీపం వెలిగించి శాలువాలు కప్పుకోడానికనుకుంటాను. పర్లాకిమిడి నుంచి పొద్దున్నే బండెక్కి వచ్చే పిల్లలు భోజనమయ్యాక ఫ్యాను కింద కూర్చుంటే పదో స్లైడుకే జోగుతారు. సగానికి సగం కొట్టెయ్. ఒకే ఒక్క ప్రోటీన్ పట్టుకుని రెండు రోజులూ దాన్నే తిరగెయ్.

ఏదంటావా? రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసు. రాయగడ, కొరాపుట్ వైపు సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య రక్తరోగం) పేరు విననివాళ్లు తక్కువ. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో ఒడిశా కూడా ఉంది కాబట్టి వచ్చేవాళ్లలో కొందరైనా ల్యాబు టెక్నీషియన్లుగా ఆ పరీక్షలు చేసినవాళ్లే అయ్యుంటారు. పైగా ఈ శాస్త్రం బీజం అక్కడే ఉంది. 1956లో కేంబ్రిడ్జిలో వెర్నాన్ ఇన్‌గ్రామ్ మామూలు హిమోగ్లోబిన్‌నీ, సికిల్ హిమోగ్లోబిన్‌నీ ట్రిప్సిన్ అనే, ప్రోటీన్లని కోసే ఎంజైమ్‌తో ముక్కలు చేశాడు. వాటిని కాగితం మీద ఒక దిక్కున కరెంటుతో, అడ్డంగా రెండో దిక్కున ద్రావకంతో నడిపించి, మచ్చలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్క మచ్చే చోటు మారింది. గొలుసులోని అమైనో ఆమ్లాల్లో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలిన్ ఉందని మరుసటి ఏడు తేల్చాడు. ‘ప్రోటియోమ్’ (ఒక జీవిలోని మొత్తం ప్రోటీన్లు) అన్న మాట శాస్త్రవేత్త మార్క్ విల్కిన్స్ నోట వచ్చింది 1994లో. పని ముందు, పేరు తర్వాత!

మొదటి పూట కంప్యూటర్లు తెరవనివ్వకు. కాగితం, క్యాలిక్యులేటర్ చాలు. ట్రిప్సిన్ లైసిన్ తర్వాతా, ఆర్జినిన్ తర్వాతా కోస్తుంది, పక్కన ప్రోలిన్ ఉంటే కోయదు అని చెప్పి బీటా గొలుసు మొదటి ముక్కని బోర్డు మీద రాయి: వాలిన్, హిస్టిడిన్, లూసిన్, థ్రియోనిన్, ప్రోలిన్, గ్లుటామిక్, గ్లుటామిక్, లైసిన్. ఒక్కో అమైనో ఆమ్లం బరువు (డాల్టన్లలో) ఇచ్చి కూడమను. చివర ఒక నీటి అణువు 18.01056 కలపడం సగంమంది మర్చిపోతారు, చూస్తూ ఉండు. మొత్తం 951.5025 రావాలి. బరువులు మూడు దశాంశాలకే ఇచ్చావో, వాళ్లకి 951.504 వస్తుంది. అది మిలియన్‌కి ఒకటిన్నర పాళ్ల తేడా. ఇప్పటి మాస్ స్పెక్ట్రోమీటర్లలో, అంటే అణువుల బరువు తూచే యంత్రాల్లో, మిలియన్‌కి ఐదు పాళ్ల లోపు పట్టింపు పెట్టుకుంటాం కాబట్టి ఆ తేడా చిన్నదేం కాదు. ఐదు దశాంశాలతోనే ఇవ్వు.

సికిల్‌లో ఆరో స్థానపు గ్లుటామిక్ పోయి వాలిన్ వస్తే బరువు 29.974 తగ్గుతుంది. అసలు తడబాటు ఇక్కడే. యంత్రం చూపించేది బరువు కాదు, బరువుని ఛార్జితో భాగించిన అంకె. రెండు ప్రోటాన్లు ఎక్కిన ముక్కకి మామూలుది 476.759 దగ్గర, సికిల్‌ది 461.771 దగ్గర కనబడతాయి. తేడా పదిహేను! ముప్పై కోసం వెతికేవాడు స్పెక్ట్రం (యంత్రం గీసే శిఖరాల బొమ్మ) అంతా గాలించి ‘లేదండీ’ అంటాడు. ఆ మాట వాళ్ల నోటినుంచే రానీ, తర్వాత చెప్పు.

దాని తర్వాత అదే ముక్కని విరగ్గొట్టిన స్పెక్ట్రం గీయించు. లైసిన్ వైపు నుంచి ఒక్కో అమైనో ఆమ్లం కలుపుకుంటూ మెట్లు ఎక్కాలి. మొదటి మెట్టు 147.113, రెండోది 276.155. ఇంతవరకూ రెండూ కవలలే. మూడో మెట్టు మామూలుదానికి 405.198, సికిల్‌కి 375.224. అంతే, ఏ అక్షరం (అంటే అమైనో ఆమ్లం) మారిందో, ఏ చోట మారిందో వేలు పెట్టి చూపించొచ్చు. ఈ ఒక్క బొమ్మ పిల్లల చేత గీయిస్తే నీ ఐదు ఉపన్యాసాల్లో మూడింటి పని అయిపోయినట్టే.

రెండో పూట డేటాబేస్. ప్రోటీన్ వరసలు దాచే యూనిప్రాట్‌లో బీటా గొలుసు నంబరు పి68871 తెరవమను. మొదట్లో మెథియోనిన్ కనబడుతుంది, దాన్ని కలుపుకుంటే 147 అక్షరాలు. కణం ఆ మెథియోనిన్‌ని కోసేస్తుంది. అందుకే వైద్యులు ‘ఆరో స్థానం’ అనేది జన్యు నామకరణంలో ‘ఏడో స్థానం’ అవుతుంది. రెండూ ఒకటేనని ముందే చెప్పకపోతే టీ టైములో ఇదే గొడవ. స్పెక్ట్రంని వరసలతో పోల్చే సెర్చ్ సాఫ్ట్‌వేర్‌లో మొదటి మెథియోనిన్‌ని తీసేసి కూడా వెతికే ఎంపిక ఆన్‌లో ఉందో లేదో చూసుకో. లేకపోతే ఈ ముక్క అసలు దొరకదు.

ఇంకా పెద్ద సంగతి, ఫాస్టా ఫైల్లో (ప్రోటీన్ వరసలు రాసి ఉంచే టెక్స్ట్ ఫైలు) లేని వరసని మామూలు సెర్చ్‌లో ఇంజిన్ ఏ జన్మకీ చూపించదు. మామూలు మానవ ఫాస్టాలో సుమారు 20 వేల ప్రోటీన్లు ఉంటాయి, సికిల్ బీటా ఉండదు. యంత్రం ఆ ముక్కని చక్కగా పట్టుకున్నా రిపోర్టులో ఖాళీయే. నోట్‌ప్యాడ్‌లో ఫైలు తెరిచి, బీటా వరసని కింద అతికించి, ఒక్క అక్షరం మార్చి, హెడర్‌లో నంబరూ పేరూ రెండూ మార్చమను. నంబరు పాతదే ఉంచేస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లు నకలని ఆగిపోతాయి, కొన్ని చప్పుడు చెయ్యకుండా ఒకదాన్ని మింగేస్తాయి. ఈ రెండోరకమే ప్రమాదం.

తెలివైనవాడెవడైనా అడుగుతాడు చూడు: ‘సార్, తల్లి, తండ్రి రెండు వైపులా సికిల్ వచ్చిన మనిషి రక్తంలో మామూలు ముక్క కూడా కొంచెం కనబడుతోందేం?’ ఈమధ్య ఎవరి రక్తమైనా ఎక్కించారేమో అన్నది ఒక జవాబు. అసలు జవాబు డెల్టా గొలుసు. దాని మొదటి ముక్క బీటాది అక్షరం పొల్లుపోకుండా ఒకటే! హిమోగ్లోబిన్ ఏ2లో ఉండేది అదే, పెద్దవాళ్లలో రెండు మూడు శాతం. ఏ గొలుసో తేల్చాలంటే మూడో ముక్కకి వెళ్లాలి. అందులో బీటాకి గ్లుటామిక్ ఉన్నచోట డెల్టాకి అలనిన్ ఉంటుంది. ముక్క దొరకడం వేరు, ప్రోటీన్ దొరకడం వేరు అని ఉపన్యాసంలో గంటసేపు చెప్పినా ఎక్కనిది ఈ ఒక్క ప్రశ్నతో ఎక్కుతుంది.

దొరికినవాటిలో తప్పుల శాతం సంగతి ఎక్కువ సాగదీయకు. వరసలన్నీ తిరగేసి రాసిన దొంగ ప్రోటీన్లని అసలువాటితో కలిపి వెతుకుతాం. దొంగవి ఎన్ని దొరికితే అసలువాటిలోనూ సుమారు అన్నే తప్పులు. అసలువి 2000, దొంగవి 20 దొరికితే ఒక శాతం. అంతే.

ఇక డేటా మైనింగ్. నీ కాగితంలో డీప్ లెర్నింగ్ అని పెద్దక్షరాలు చూసి నవ్వొచ్చింది. దానికి బదులు ఈ ఆట ఆడించు. ఉత్త ర్యాండమ్ అంకెలతో 40 వరసలు, 5000 నిలువు వరసలు తయారు చేయించు. మొదటి 20కి ‘రోగి’, మిగతా 20కి ‘ఆరోగ్యం’ అని పేర్లు పెట్టు. ఒక్కో నిలువు వరసకీ టి-టెస్ట్ (రెండు గుంపుల సగటుల తేడా నిజమా, కాకతాళీయమా అని చూసే లెక్క) చేస్తే పి-విలువ 0.05 లోపు ఇంచుమించు 250 ‘మార్కర్లు’ (రోగాన్ని పట్టించే గుర్తులు) ఊరికే పుట్టుకొస్తాయి. వాటిలో మేలైన 20 ఏరి, అప్పుడు క్రాస్ వ్యాలిడేషన్ (డేటాని మడతలుగా విడదీసి, కొన్నిటితో నేర్పి మిగతాదాని మీద పరీక్షించడం) చేస్తే తొంభై శాతం పైనే కచ్చితత్వం వస్తుంది. గదంతా చప్పట్లు! ఆ ఏరడాన్ని ప్రతి మడతలోనూ ట్రైనింగ్ భాగం మీదే, కొత్తగా చేయించు. యాభైకి, అంటే బొమ్మా బొరుసుకి దిగిపోతుంది. పరీక్ష పేపరు ముందే చూసి రాసినవాడి మార్కులురా అవి.

నిజమైన ఉదాహరణ అడిగితే 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అండాశయ క్యాన్సర్ సీరం పరిశోధన చెప్పు. ఫలితాలు అద్భుతంగా కనిపించాయి. గణాంక శాస్త్రవేత్త కీత్ బ్యాగర్లీ బృందం ఆ డేటాని తిరగేసి 2004లో రాసిందేమిటంటే, ఉత్త రొద మాత్రమే ఉండాల్సిన చోట కూడా రెండు గుంపులూ విడిపోతున్నాయట. అంటే శాంపిళ్లు నడిపిన తీరులోనే తేడా ఉందన్న అనుమానం. రోగులందర్నీ సోమవారం, ఆరోగ్యవంతులందర్నీ గురువారం నడిపితే సాఫ్ట్‌వేర్ కనిపెట్టేది రోగాన్ని కాదు, వారాన్ని. కలగలిపి నడపాలి, ఎనిమిది పది శాంపిళ్లకోసారి అన్నిటి మిశ్రమం ఒకటి దూర్చాలి.

దొరకని విలువ దగ్గర సున్నా పెట్టి, ఒకటి కలిపి లాగ్ తీసేవాళ్లు నీ సెమినార్‌కి తప్పకుండా వస్తారు. ‘దొరకలేదు’ వేరు, ‘లేదు’ వేరు. ఆ సున్నాల వల్లే వెయ్యి రెట్లు పెరిగిన ప్రోటీన్లు పుడతాయి. ఎక్సెల్ సంగతి సరేసరి. సెప్ట్2 అనే జన్యువుని సెప్టెంబర్ 2 చేసి కూర్చోబెడుతుంది. చివరికి 2020లో జన్యువుల పేర్లే మార్చి సెప్టిన్2 అనాల్సొచ్చింది. ఫైలుని డబుల్ క్లిక్‌తో తెరవనివ్వకు. ఇంపోర్టులో ఆ నిలువు వరసని టెక్స్ట్ అని చెప్పాలి.

ఏర్పాట్లు చెప్తాను విను. ప్రైడ్ అనే పబ్లిక్ ప్రోటియోమిక్స్ డేటా భాండాగారం నుంచి డేటా అక్కడికక్కడ దించుదామనుకోకు. యంత్రం ఇచ్చిన ఒక్కో రా ఫైలు ఒక జీబీ దాకా ఉంటుంది, నలభైమంది ఒక్క వైఫై మీద పడితే సాయంత్రం దాకా గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. ముందే రెండు ఫైళ్లు దించి, ఎంఎస్‌కన్వర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎంజెడ్‌ఎంఎల్ అనే అందరికీ తెరుచుకునే ఫార్మాట్‌లోకి మార్చి పెన్‌డ్రైవుల్లో పెట్టు. పీక్ పికింగ్ (శిఖరాలు ఏరడం) ఫిల్టర్ ఆ సాఫ్ట్‌వేర్ జాబితాలో అన్నిటికన్నా ముందుండాలి, కిందకి జారితే యంత్రం కంపెనీ వాళ్ల పద్ధతి పనిచెయ్యదు. ఫోల్డర్లకి తెలుగులోనో ఒడియాలోనో పేర్లు పెట్టకు, పేర్లలో ఖాళీలు కూడా వద్దు. ఇద్దరికో ల్యాప్‌టాప్ చాలు, ఒకడు నొక్కుతుంటే ఇంకొకడు తప్పులు పడతాడు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. ‘మన పిల్లల రక్తమే తీసి చూపిద్దాం’ అని ఎవరైనా ఉబలాటపడితే ఒప్పుకోకు. నైతిక కమిటీ అనుమతి లేకుండా అది కుదరదు. కాగితాల మాట అటుంచు, నలుగురిలో ఒక అమ్మాయి సికిల్ క్యారియర్ (ఒక వైపు నుంచే ఆ జన్యువు వచ్చినవాళ్లు) అని తేలితే ఆ మాట ఇంటికి ఆమెకన్నా ముందే చేరుతుంది, రేపు సంబంధాలు చూసేటప్పుడు లేస్తుంది. పబ్లిక్ డేటా చాలు.

సవరించిన ప్రోగ్రాం గురువారంలోగా పంపు. బరువుల పట్టిక ఐదు దశాంశాలతో నేనే కొట్టి పెడతాను, ఒకవైపు తెలుగు, రెండోవైపు ఒడియా. ఎక్స్‌టెన్షన్ బోర్డులు మాత్రం నువ్వు చూసుకో, ఆ హాల్లో ప్లగ్గులు మూడే ఉన్నాయన్నావు.

నీ
నేస్తం