ఆదివారం కథల వర్క్‌షాప్: నడిపేవాళ్లకు
అందరికీ నమస్కారం. 8–11 ఏళ్లవాళ్లు ఒక గదిలో, 12 దాటినవాళ్లు వేరే గదిలో. గదికి 15 మందికి మించొద్దు.

‘నీతికథ రాయండి’ అనకండి, అందరూ కుందేలు, సింహమే రాస్తారు. ఒంటి చెప్పో, పాత తాళంచెవో చేతికిచ్చి ఇది ఎవరిది, ఎలా పోయింది అని అడగండి. 10 నిమిషాలు మాటలు, 20 నిమిషాలు రాత. రబ్బర్లు ముందే తీసేసుకోండి. లేకపోతే మొదటి వాక్యం చెరపడంతోనే టైమ్ అయిపోతుంది.

ఒత్తులు, దీర్ఘాలు తొలి ప్రతిలో దిద్దొద్దు. ఇంగ్లిష్ మీడియం పిల్లలు అక్కడే ఆగిపోతారు. అడిగిన పదం బోర్డు మీద రాసిస్తే చాలు. ‘ఇదంతా కల’ అని ముగించారంటే ఎటూ తోచలేదన్నమాట. ‘మెలకువ రాకపోతే ఏమయ్యేది?’ అనండి.

పెద్దపిల్లలతో బలవంతంగా పైకి చదివించొద్దు. అమ్మానాన్నలు బయటే ఉండాలి, ఇందులో మొహమాటం వద్దు.