2025 వార్షిక నివేదిక: విశాఖ సైక్లింగ్ సంఘం సభ్యులకు కార్యదర్శి సమర్పిస్తున్నది

గౌరవ సభ్యులకు నమస్కారం.

బైలా ప్రకారం సర్వసభ్య సమావేశానికి వారం ముందే ఈ నివేదిక మీ చేతికి అందాలి. అందుకని రాస్తున్నాను. పోయినేడాది నివేదికను ఎంతమంది చదివారో నాకు బాగా తెలుసు. మూడో పేజీలో జెర్సీ సైజు చెప్పమని రాస్తే ఇద్దరంటే ఇద్దరు చెప్పారు. మిగతావాళ్ళు జెర్సీలు వచ్చాక "బిగుతుగా ఉంది" అన్నారు.

ఈ ఏడాది 52 ఆదివారాల్లో 47 ఆదివారాలు బండ్లు బయటికి తీశాం. ఎక్కువసార్లు వెళ్ళింది భీమిలికే. అది మన ఇంటి దారి. ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ దగ్గర చీకటితో కలుసుకోవడం, రుషికొండ ఎత్తు ఎక్కడం, మంగమారిపేట దాటడం, గోస్తని సముద్రంలో కలిసేచోట టీ తాగి తిరిగి రావడం. జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా జనం కూర్చున్నారు కదా, ఆ వారం మాత్రం సింహాచలం ఘాట్ ఎక్కి అప్పన్నకు దండం పెట్టుకుని వచ్చాం.

కొత్త సభ్యులు ఈసారి బాగా చేరారు, సంతోషం. వాళ్ళందరికీ ఒకే అనుభవం. మొదటి ఆదివారం భీమిలికి వెళ్ళేటప్పుడు స్పీడు ముప్ఫై, ముప్ఫై రెండు చూపిస్తుంది. తమలో ఇంత సత్తా ఉందని తెలియనే లేదని టీ దగ్గర చెప్పుకుంటారు. పాతవాళ్ళం ఏమీ అనం. మార్చి నుంచి సెప్టెంబరు దాకా మన ఊళ్ళో నైరుతి గాలి. భీమిలికి పోయేటప్పుడు అది వీపు మీద చెయ్యేసి తోస్తుంది, తిరిగొచ్చేటప్పుడు అదే చెయ్యి మొహానికి అడ్డం పెడుతుంది. అక్కడినుంచి స్పీడు పద్దెనిమిది.

వరసలో తొక్కడం ఎందుకో అప్పుడు అర్థమవుతుంది. ముందున్నవాడు గాలిని కోస్తాడు, వెనకున్నవాడికి శ్రమ ఇంచుమించు మూడో వంతు తగ్గుతుంది. నిమిషమో రెండు నిమిషాలో ముందుండి, మోచెయ్యి కదిపి పక్కకు తప్పుకుని, వరస చివర్లో చేరాలి. ఇది సంఘంలో రాతపూర్వకంగా ఎక్కడా లేని నియమం. అయినా కొందరు సభ్యులు ఏడాది పొడుగునా ముందుకు రాలేదు. పేర్లు రాయను. వారి ముందు చక్రం నా వెనక చక్రానికి ఎన్ని అంగుళాల దూరంలో ఉంటుందో మాత్రం చెప్పగలను.

వరసలో వెనకవాళ్ళకు ముందేముందో కనిపించదు కాబట్టి కేకలు ముఖ్యం. "గొయ్యి", "ఇసక", "వెనక బస్సు", "కుక్క". వీటిలో చివరిది ఏప్రిల్‌లో ఆలస్యమైంది. మంగమారిపేట దగ్గర కుక్క అడ్డం వచ్చి, బ్యాంకులో పనిచేసే మన సభ్యుడు పడిపోయారు. కాలర్ బోన్ విరిగింది. ఆరు వారాలు చెయ్యి సంచిలో వేసుకుని ఇంట్లో ఉన్నారు. ఆ ఆరు వారాలు ఆయన ఇంటికి ఎవరు టిఫిన్ పట్టుకెళ్ళాలో, పిల్లల్ని బడి దగ్గర ఎవరు దింపాలో నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. వాళ్ళలో వాళ్ళే వంతులు వేసుకున్నారు. మూడో వారానికి ఆయన ఇంట్లో ఇడ్లీలు ఎక్కువైపోయాయని, కాస్త తగ్గించమని ఆయన శ్రీమతి నాకు ఫోన్ చేశారు. ఆయన మాత్రం ఖాళీగా కూర్చోలేదు. ఎడమ చేత్తో టైప్ చేసి మే నెల రైడ్ల పట్టిక మొత్తం తయారుచేశారు. నా హయాంలో తప్పుల్లేకుండా వచ్చిన పట్టిక అదొక్కటే.

ఆ కుక్కల సంగతి, బీచ్ రోడ్డు మీద రంగు వేయని స్పీడు బ్రేకర్ల సంగతి, గాలికి కొట్టుకొచ్చి మలుపుల్లో పేరుకునే ఇసక సంగతి రాసి సంబంధిత కార్యాలయంలో మూడు వినతిపత్రాలు ఇచ్చాం. మొదటిది వేరే సెక్షన్‌కు పంపామన్నారు. రెండోది ఆ సెక్షన్‌కు రాలేదన్నారు. మూడోది ఇచ్చినప్పుడు ఆఫీసరుగారు మా హెల్మెట్లు చూసి, "ఈ వయసులో మీకెందుకండీ ఇవన్నీ" అని అభిమానంగా అడిగారు. రసీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఇసక కూడా అక్కడే భద్రంగా ఉంది.

దూరం రైడ్ల విషయానికి వస్తే, మన సభ్యులు ముగ్గురు ఈసారి సూపర్ రాన్డన్యూర్ అయ్యారు. తెలియనివారి కోసం: 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో, 300 ఇరవై గంటల్లో, 400 ఇరవై ఏడు గంటల్లో, 600 నలభై గంటల్లో, నాలుగూ ఒకే సీజన్‌లో పూర్తిచేయాలి. బహుమతి డబ్బు లేదు, మొదటి స్థానం రెండో స్థానం లేదు. కార్డు మీద ముద్రలు పడతాయి, అంతే. ముగ్గురిలో ఒకరు నర్సుగా పనిచేస్తున్న మన చెల్లెమ్మ. నైట్ డ్యూటీ దిగి, నాలుగు గంటలు పడుకుని 400కు వచ్చింది. 2027లో ఫ్రాన్స్‌లో జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్ రైడ్‌కు వెళ్ళాలని ఆమె కోరిక. 1,200 కిలోమీటర్లు, 90 గంటలు. దానికి 2027 సీజన్‌లోనే మళ్ళీ ఈ నాలుగూ తొక్కాలి. సంఘం తరఫున టికెట్ ఖర్చులో ఎంతో కొంత ఇవ్వాలని నా ప్రతిపాదన. కోశాధికారి గారు ఈ వాక్యం చదివి కళ్ళజోడు సర్దుకుంటూ ఉంటారు.

ఇక జూన్ 3. ప్రపంచ సైకిల్ దినోత్సవం. ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించిన రోజు. పిల్లలకు అయిదు కిలోమీటర్ల రైడ్ పెడదామని తీర్మానం చేసింది మీరే. వాలంటీర్లుగా వస్తామని వాట్సాప్‌లో బొటనవేలు చూపించినవారు 18 మంది. తెల్లవారుజామున అయిదింటికి బీచ్‌కు వచ్చినవారు నలుగురు. ఆ నలుగురిలో ఒకరు సభ్యులే కారు, ఒక సభ్యుడి భార్య, ఫ్లాస్కులో టీ ఇచ్చి వెళ్ళిపోదామని వచ్చి చివరిదాకా జంక్షన్ దగ్గర జెండా పట్టుకుని నిలబడ్డారు. మిగతా పదిహేను బొటనవేళ్ళు ఏమయ్యాయో తెలియదు. పైగా జెండా ఊపాల్సిన ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యం. వైజాగ్ జూన్ ఎండ మీకు తెలుసు కదా, ఏడింటికే చెమట కారిపోతుంది. ఇక లాభం లేదని ఆరేళ్ళ పాప ఒకతె, నాలుగు చక్రాల సైకిల్ మీద వచ్చింది, ఆ పాప చేతే జెండా ఊపించేశాం. అతిథిగారు వచ్చేసరికి పిల్లలు తిరిగొచ్చి అరటిపళ్ళు తింటున్నారు. ఫొటో కోసం మళ్ళీ ఓసారి బయల్దేరదీయమన్నారు. తీయలేదు. ఆ కోపం ఇంకా ఉందని విన్నాను, ఉండనివ్వండి.

అరకు

ఈ నివేదికలో గర్వంగా రాసుకోదగ్గది ఇదొక్కటే, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను. నవంబరు మొదట్లో అనుకున్న రైడ్ అక్టోబరు చివర్లో వచ్చిన మొంథా తుపానుతో వాయిదా పడి డిసెంబరుకు జరిగింది. ఒక విధంగా మంచిదే అయింది, చలి దొరికింది.

మద్దిలపాలెం నుంచి 27 మందిమి తెల్లవారుజామున మూడున్నరకు బయల్దేరాం. పెందుర్తి, కొత్తవలస దాటి ఎస్.కోట చేరేసరికి వెలుతురు. ఇడ్లీ, గారె, ఒక్కొక్కరికి రెండేసి టీలు. బొడ్డవర నుంచి ఘాట్. సముద్రమట్టం నుంచి బయల్దేరి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకుకు వెళ్ళాలి, మధ్యలో అంతకంటే ఎత్తుకు ఎక్కి కొంచెం దిగాలి. మొత్తం మీద 115 కిలోమీటర్లు.

టైడా దాటాక ఒక మలుపులో టప్పుమని చప్పుడైంది. కోశాధికారి మేష్టారి సైకిల్. డెరైలర్ హ్యాంగర్ విరిగి, గేర్లు మార్చే ఆ డెరైలర్ వెనక చక్రం స్పోకుల్లోకి దూరింది. హ్యాంగర్ అంటే డెరైలర్‌ను సైకిల్‌కు తగిలించే బొటనవేలంత అల్యూమినియం ముక్క. ఒక్కో సైకిల్‌కు ఒక్కో రకం, ఒకరిది ఇంకొకరికి పట్టదు. ఎవరిది వారు స్పేర్ ఒకటి సంఘం ఖర్చుతో దగ్గర పెట్టుకోవాలని ఆగస్టు కమిటీలో నేను పెట్టిన ప్రతిపాదనను "అనవసరపు వ్యయం" అని రాసి తిప్పి పంపింది ఎవరో మినిట్స్‌లో ఉంది.

నా ఆనందాన్ని నేను ఎంతవరకు దాచుకోగలిగానో తెలియదు. స్టీల్ ప్లాంటులో ఫిట్టరుగా పనిచేసే మన తమ్ముడు మాత్రం మాట్లాడకుండా సైకిల్‌ను తిరగేసి, రోడ్డు పక్క రాయి మీద టవల్ పరిచి పనిముట్లు పెట్టుకున్నాడు. డెరైలర్ ఊడదీసి జేబులో వేసుకున్నాడు. చైన్ లింకులు రెండుసార్లు లెక్కపెట్టి, చైన్ టూల్‌తో పిన్ను తోసి, చైన్‌ను పొట్టిచేసి, వెనక మధ్య పళ్ళచక్రం మీద బిగించాడు. చేతులు నల్లగా అయిపోయాయి. చక్రం తిప్పి చూసి, "మేష్టారూ, ఇంక గేర్లు లేవండి. ఒకటే గేరు" అన్నాడు.

"నలభై ఏళ్ళు ఒకటే గేరు మీద బడికెళ్ళాన్రా" అన్నారు మేష్టారు.

బడికి వెళ్ళే దారి వేరు, అనంతగిరి ఎక్కే దారి వేరు. చదునుగా ఉన్నచోట తొక్కారు, ఎత్తు రాగానే దిగి నడిచారు. వెనకాల వస్తున్న వ్యానులో ఎక్కమంటే ఒప్పుకోలేదు. అప్పుడు ఆయన పక్కన ఫిట్టరు తమ్ముడు దిగి నడిచాడు. తర్వాత ఇంజనీరింగ్ కుర్రాళ్ళు ఇద్దరు. గంటకు ముందే గాలికొండ వ్యూపాయింట్ చేరి ఉండాల్సిన కుర్రాళ్ళు వాళ్ళు. కాఫీ తోటల మధ్యన నలుగురు సైకిళ్ళు తోసుకుంటూ నడుస్తుంటే, వాళ్ళ వెనక వ్యాన్, వ్యాన్ వెనక హారన్ కొడుతూ టూరిస్టు కార్లు. కుర్రాళ్ళకు మేష్టారు దారిపొడుగునా సంభావ్యత పాఠం చెప్పారట. హ్యాంగర్ విరిగే సంభావ్యతతో మొదలుపెట్టారా అని అడిగాను, జవాబు రాలేదు.

చివరి సైకిల్ వచ్చేదాకా ఎవరూ కదలకూడదన్నది మన సంఘం పుట్టినప్పటి మాట. సాధారణంగా అది పదిహేను నిమిషాల మాట. ఆ రోజు రెండు గంటలపైన. గాలికొండ దగ్గర 23 మంది చెమట ఆరిపోయి చలికి వణుకుతూ కూర్చున్నారు. బొంగులో చికెన్ తెప్పించుకున్నారు గానీ, బొంగులు నాలుగు విప్పకుండా నిప్పుల పక్కనే పెట్టమని ఆ అమ్మే ఆవిడకు చెప్పారు. ఆవిడ మధ్యమధ్యలో వాటిని తిప్పుతూ, "ఇంకా రాలేదా మీ వోళ్ళు?" అని అడుగుతూనే ఉంది. మేష్టారు మలుపు తిరిగి కనిపించేసరికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అందరి చేతులూ జేబుల్లో ఉన్నాయి. ఫిట్టరు తమ్ముడు బొంగు విప్పి మొదటి ముక్క ఆయనకిచ్చాడు, ఆ నల్లచేతులతోనే. ఆయన తిన్నారు. ఇరవై ఏడు మందిమీ కలిసి మూడు నలభైకి అరకులో దిగాం. ఆ రాత్రి చలిమంట దగ్గర జరిగిన పాటల కార్యక్రమం గురించి రాయకపోవడమే సంఘానికి గౌరవం.

జమా ఖర్చులు

పట్టిక చివరి పేజీలో ఉంది. ఆడిట్ అయింది. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దాఖలు చేయాల్సిన కాగితాలు దాఖలు చేశాం. ఆదాయం కంటే ఖర్చు కాస్త ఎక్కువ, జెర్సీల వల్ల. చందా బకాయి ఉన్నవారు పదకొండు మంది. ప్రశ్నలుంటే సమావేశంలో మేష్టారిని అడగండి. డిసెంబరు కమిటీలో "స్పేర్ హ్యాంగర్లు" అనే పద్దును ఆయనే స్వయంగా ప్రవేశపెట్టారు, ఏకగ్రీవంగా ఆమోదించాం.

కృతజ్ఞతలు

భీమిలిలో మనకోసం పొద్దున్నే పొయ్యి వెలిగించే టీ కొట్టు బాబాయికి, తడి బట్టలతో కుర్చీల్లో కూర్చున్నా విసుక్కోని ఎస్.కోట హోటల్ వారికి, అర్ధరాత్రి ఫోన్ చేసినా పంచరు కిట్టు పట్టుకుని వచ్చే మెకానిక్ సోదరుడికి, కాలర్ బోన్ కట్టిన డాక్టరు గారికి, ఘాట్ మొత్తం రెండో గేరులో మన వెనక వ్యాను నడిపిన డ్రైవరు గారికి, జెండా పట్టుకున్న ఆ చెల్లెమ్మకు, ఆదివారం తెల్లవారుజామున మూడింటికి అలారం మోగినా ఏమీ అనని మన ఇళ్ళల్లోని అందరికీ సంఘం తరఫున నమస్కారాలు. అనేవాళ్ళు కూడా ఉన్నారు, వారికి కూడా.

సమావేశంలో కొత్త కార్యవర్గం ఎన్నిక ఉంటుంది. ఆరేళ్ళుగా నేనే కార్యదర్శిని. ఈసారి ఎవరైనా నిలబడితే ఎంతో సంతోషిస్తాను, బొటనవేలు కాకుండా మనిషే రావాలి. రైడ్‌కు హెల్మెట్ లేకుండా వచ్చినవారిని జనవరి నుంచి వెనక్కి పంపేస్తాం, అధ్యక్షుల వారికీ ఇదే వర్తిస్తుంది.

మరొక్క మాట. అరకు నుంచి వచ్చాక నా సంచిలో నీలం రంగు గ్లవ్ ఒకటి, ఎడమ చేతిది, మిగిలింది. గ్రూపులో ఫొటో పెట్టినా ఎవరూ పలకలేదు. ఎవరిదో చెబితే సమావేశానికి తెస్తాను.

ఇట్లు,
కార్యదర్శి