ఇంట్లో ప్రార్థనకు ఎవరి అనుమతి?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ పాఠకుల పేజీలో ఒకాయన రాసిన లేఖ చదివాను. ఊళ్లలో ఇళ్లలోనే క్రైస్తవ ప్రార్థన కూడికలు పెరిగిపోతున్నాయట, వాటికి పోలీసు అనుమతి తప్పనిసరి చేయాలట, ఒడిశాలో ఉన్నట్టు మనకూ ఒక మతమార్పిడి చట్టం తేవాలట. మీరు దాన్ని బాక్సు కట్టి మరీ వేశారు. కోపంలో రాయకూడదని నాలుగు రోజులు ఆగాను. తగ్గలేదు, అందుకే రాస్తున్నాను.

ఆయన ఒడిశా చట్టం చదివారో లేదో గానీ నేను చదివాను. మాది సరిహద్దు మండలం. ఆడపడుచుల్ని పర్లాకిమిడి వైపే ఇచ్చాం, పెళ్లికీ చావుకీ అటే వెళ్తాం. ఆ చట్టం 1967 నాటిది. బలవంతంగానో, ఆశ చూపో, మోసం చేసో మతం మారిస్తే ఏడాది వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా. బలవంతం చేసినవాణ్ణి వదిలేయమని ఎవరూ అనరు. కానీ ఆ తర్వాతి వాక్యం చూడండి. మారింది మైనరు గానీ, స్త్రీ గానీ, ఎస్సీ ఎస్టీలు గానీ అయితే శిక్ష రెండేళ్ల దాకా, జరిమానా 10,000 దాకా. ఆసుపత్రి వార్డులో రాత్రి డ్యూటీలు చేసి, పిల్లల్ని చదివించి పెళ్లిళ్లు చేసిన నేను దేవుడి విషయానికి వచ్చేసరికి చిన్నపిల్లతో సమానమన్నమాట. ఇంటి పట్టా నా పేరున ఇస్తారు, డ్వాక్రా అప్పుకు నా సంతకం చాలు, ఓటు నా చేత వేయించుకుంటారు. ఎవరికి మొక్కాలో మాత్రం నాకు తెలియదని చట్టంలో రాసుకున్నారు. 1977లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందంది. కోర్టు మాటకు కట్టుబడతాను. ఆ వాక్యం ఆడవాళ్లందరికీ అవమానమని మాత్రం చెప్పకుండా ఉండలేను.

2025 జులైలో ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ స్టేషనులో ఏం జరిగిందో అందరికీ తెలుసు. కేరళకు చెందిన ఇద్దరు క్రైస్తవ సన్యాసినులు ముగ్గురు యువతులను వెంటబెట్టుకుని రైలెక్కబోతుంటే మతమార్పిడి, మనుషుల రవాణా అని కేసు పెట్టి జైల్లో వేశారు. మా ఇష్టంతోనే పంపామని ఆ పిల్లల ఇళ్లవాళ్లు చెప్పినా వినలేదు. ఆగస్టు 2న గానీ బెయిలు రాలేదు. దుర్గ్ వందే భారత్ మన విజయనగరంలో ఆగే బండే. మా సంఘంలో ఆడపిల్లలు నర్సు ఉద్యోగాలకు, చదువులకు అటు వెళ్తూనే ఉంటారు. బైబిలు బ్యాగు అడుగున పెట్టుకో అమ్మా అని ఇప్పుడు తల్లులు చెప్పి పంపుతున్నారు.

ఇక మా ఇంటి సంగతి. మా అత్తగారు పోయి ఏడాదైందని జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. వరండాలో చాపలు, పెద్దవాళ్లకు కుర్చీలు, ఒక కంజీర, ఒక తబలా. మైకు లేదు. వంటకు గుండిగలు ఇచ్చింది పక్కింటి హిందూ కుటుంబమే, వాళ్ల కోడలే మా పెరట్లో కూర్చుని వంకాయలు తరిగింది. పాస్టరు గారు వాక్యం చెబుతుండగా ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. ఎవరో ఫోను చేశారట. గుమ్మం ముందున్న చెప్పుల జతలను ఫొటో తీసుకున్నారు. ఆ కోడల్ని పిలిచి, నీకేమైనా డబ్బులిస్తామన్నారా అని అడిగారు. ఆ పిల్ల ఏడుస్తూ వెళ్లిపోయింది, భోజనానికి కూడా రాలేదు. అనుమతి కాగితం ఏదన్నారు. ఏ సెక్షను కింద కావాలో రాసివ్వండి అన్నాను. పైనుంచి చెప్పారన్నారు.

ఈ ‘పైనుంచి’ రోగం ఇప్పుడు అన్ని ఆఫీసులకూ పాకింది. పెన్షను ఆపినా, రేషను కార్డులో పేరు తీసేసినా, మ్యుటేషను తొక్కిపెట్టినా అంతా నోటిమాటే. కాగితం మీద పెడితే జనం అప్పీలుకు వెళ్తారని భయం. వినాయక చవితి పందిరి వేసే మా వీధి కుర్రాళ్లకూ ఇదే తిప్పలు. పలుకుబడి ఉన్నవాడి డీజేను అడిగే దిక్కుండదు, పేదల భజన బృందాన్ని మాత్రం పదింటికి లేపేస్తారు. పూర్వం హెడ్ కానిస్టేబులు వచ్చినా అమ్మా, ఏమిటీ సంగతి అని గడప బయట నిలబడి అడిగేవాడు.

రాత్రి పది దాటాక మైకు వద్దని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. మా చర్చిలకూ అది వర్తించాలి, మీరిన చోట కేసు పెట్టండి. తిరుమల కొండ మీద అన్యమత ప్రచారం కూడదని 2007లో ప్రభుత్వం ఉత్తర్వులిస్తే సబబేనన్నాను, నేటికీ అదే అంటాను. ఎవరి పుణ్యక్షేత్రం వారిది. అలాగే నా ఇల్లు నాది.

విదేశీ మతం అని కూడా ఆ లేఖలో రాశారాయన. పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణుడు పురుషోత్తమ చౌదరి 1803లో పుట్టి, క్రైస్తవుడై, తెలుగులో కట్టిన కీర్తనలను మేం నేటికీ పాడుకుంటున్నాం. పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. రెండు శతాబ్దాలుగా ఈ మట్టిలో పాడుతున్నవాళ్లను ఇంకెన్నాళ్లు పరాయివాళ్లంటారు?

రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడు హరేంద్ర కుమార్ ముఖర్జీ క్రైస్తవుడే. మైనారిటీలకు చట్టసభల్లో ప్రత్యేక సీట్లు అక్కర్లేదన్నవాళ్లలో ఆయన ముందున్నారు. దేశాన్ని నమ్మి సీట్లు వదులుకున్నాం. 1948 డిసెంబరు 6న మత ప్రచార హక్కు మీద సభలో వాదన జరిగితే దాని తరఫున నిలబడింది కె.ఎం. మున్షీ. సోమనాథ్ ఆలయం మళ్లీ కట్టించడానికి పూనుకున్న మున్షీయే. అప్పుడు ఒప్పుకున్నదే రాజ్యాంగంలో మతస్వేచ్ఛ ఇచ్చే 25వ అధికరణం. మన తెలుగువాడు జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి 1986లో, జాతీయగీతానికి గౌరవంగా లేచి నిలబడి కూడా తమ విశ్వాసం ఒప్పుకోదని పాడలేదని బడిలోంచి గెంటేసిన కేరళ పిల్లల పక్షాన తీర్పు రాశారు. మన సంప్రదాయం సహనం నేర్పుతుంది, దాన్ని పలుచన చేయవద్దని అందులో ఉంది. మా ఇంటికి వచ్చిన కానిస్టేబుళ్లకు శిక్షణలో ఒక్క పూటైనా ఆ తీర్పు చెప్పి ఉంటే బాగుండేది.

సొంత ఇంట్లో, మైకు లేకుండా, అయినవాళ్లతో ప్రార్థన చేసుకోవడానికి ఏ చట్టం, ఏ సెక్షను కింద అనుమతి కావాలో జిల్లా పోలీసు అధికారులు మీ పత్రికలోనే జవాబు చెప్పాలి. ఆ లేఖకు ఇచ్చినంత చోటు ఆ జవాబుకూ ఇవ్వండి. వచ్చే నెల మా మనవరాలి పుట్టినరోజు కూడిక ఉంది. పక్కింటివాళ్లనూ పిలుస్తున్నాను. అనుమతి మాత్రం అడగను.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు,
శ్రీకాకుళం జిల్లా